షోకేసులో జంట

మా ఫోటో స్టూడియో షోకేసులో నేను పుట్టకముందు నుంచీ ఒక జంట కాపురం చేస్తోంది. మా తాత, మా నానమ్మ. ఛాతీ వరకే ఉన్న నలుపు తెలుపు ఫోటో. తాత మీసం కింద కనీ కనపడని నవ్వు. నానమ్మ తల కాస్త ఆయన వైపు వాలి ఉంటుంది, చెవి పక్క ఒక పాయ జారి ఉంటుంది. పెళ్ళి కుదిరినవాళ్ళు ఫోటో దిగడానికి వస్తే దాన్నే వేలు పెట్టి చూపించేవాళ్ళు, "మాకూ అచ్చం అలాగే తీయండి" అని. నాన్న నవ్వి, "ఫోటో నేను తీస్తాను, కాపురం మాత్రం మీరే చేసుకోవాలి" అనేవాడు. వచ్చిన ప్రతి జంటకీ అదే జోకు. విని విని, ఆయన నోరు తెరవకముందే నా పెదాలు కదిలేవి.

ఆ వానాకాలం మొదట్లో నేను నా కాపురం వదిలేసి, చేతిలో ఒక సూట్‌కేసుతో, ఎడమ కంటి కింద ఒక నల్లటి కమిలిన మచ్చతో ఆ షోకేసు ముందే దిగాను. అమ్మ అద్దం తుడుస్తోంది. షాపు తలుపు తీయగానే ఆవిడ చేసే మొదటి పని అది. నన్ను చూసి గుడ్డ అలాగే పట్టుకుని నిలబడిపోయింది. నాన్న లోపల్నుంచి వచ్చి నా ముఖంలోకి చూశాడు. ఫోటోగ్రాఫర్ చూపు కదా, ఎవరి ముఖంలో ఎక్కడ ఏముందో ఒక్క చూపులో పట్టేస్తాడు. చూసి, సూట్‌కేసు అందుకుని, "తిన్నావా?" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆయనకి అంతా చెప్పాను. ఇది మొదటిసారి కాదనీ, ఇదివరకు రెండుసార్లు మీరు బాధపడతారని దాచాననీ చెప్పాను. అంతా విన్నాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు. గొంతు సవరించుకున్నాడంటే నానమ్మ వస్తుందన్నమాట.

"మీ నానమ్మ పడలేదా తల్లీ? తాత కోపం సంగతి ఈ వీధిలో ఎవర్ని అడిగినా చెప్తారు. ఆవిడ నోరెత్తిందా? ఓర్చుకుంది. చివరికి ఆయనే ఆవిడ చెప్పినట్టు వినేవాడు. మన ఇంటి ఆడవాళ్ళు ఎప్పుడూ కోర్టు మెట్లెక్కలేదు."

నేను ఎరగని ఆ నానమ్మతో నాకు చిన్నప్పటి నుంచీ పడేది కాదు. చేదు మందు తాగనంటే నానమ్మ గుటుక్కున తాగేసేది. చెప్పులు కరుస్తున్నాయంటే నానమ్మ వాటితోనే నడిచేది. అలా ప్రతిదానికీ అడ్డం పడే మనిషి, నా కాపురానికి రాకుండా ఉంటుందా?

అయినా నేను కోర్టు మెట్లెక్కాను. కాలేజీలో నాకంటే పై క్లాసు చదివిన అమ్మాయి లాయరయింది, విడాకుల కాగితాలు ఆవిడే వేసింది. నాన్న కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. అన్నం దగ్గర "ఆ పప్పు ఇటు ఇవ్వమను" అని అమ్మతో చెప్పేవాడు. నేను పక్కనే ఉండేదాన్ని, పప్పు నా ముందే ఉండేది.

తర్వాత కోర్టే మా షాపు మెట్లెక్కింది. పాత కోర్టు భవనంలో రికార్డు గది కురుస్తోందట. కాగితాలు కుళ్ళిపోకముందే పేజీ పేజీకీ ఫోటో తీయించాలట. కాగితాన్ని పరిచి పైనుంచి తీసే స్టాండు ఊరు మొత్తానికి మా ఒక్కళ్ళ దగ్గరే ఉంది, తాత నాటిది. అందరి జేబుల్లోకీ కెమెరాలొచ్చాక మాకు మిగిలినవి పాస్ ఫోటోలూ, పోయినవాళ్ళ ఫోటోలూ. అలాంటప్పుడు వచ్చిన పని. ఎగిరి గంతేయాల్సిన నాన్న మూడు రోజులు నానబెట్టాడు. చివరికి వెళ్ళి ఆ రికార్డు గది చూసొచ్చి ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు.

"కిటికీ పక్క పాత బీరువా ఒకటుంటుంది. అది నేను చేస్తాను. మిగతావి నువ్వు చెయ్యి."

"ఏం, దానికేమైంది?"

"కాగితం పెళుసుబారి ఉంటుంది. నీ చేతికి ఆగదు."

నాకు ఒళ్ళు మండింది. పదేళ్ళప్పటి నుంచి ఆయన నెగెటివులు ఆరబెట్టింది ఈ చేతులే. కానీ పప్పు గొడవ తర్వాత నాతో ఆయన మాట్లాడిన మొదటి మాటలవి. సరేనన్నాను.

లోపలికి వెళ్ళడానికి ఫోటో ఉన్న పాస్ కావాలన్నారు. నాన్న నన్ను స్టూడియోలో ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టాడు. రెండు వేళ్ళతో నా గడ్డం కాస్త ఎత్తి, "ఆ, అలా ఉండు" అన్నాడు. తీసి, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ముందు ఒక కాపీ చేసుకున్నాడు. మా షాపులో అసలు దాని మీద చెయ్యి పెట్టడం మహాపాపం. ఏం దిద్దినా కాపీ మీదే దిద్దాలి, అసలుని ఎప్పటికీ పారేయకూడదు. తాత పెట్టిన నియమం అది. ఎవరు ఎన్నేళ్ళ తర్వాత వచ్చి అడిగినా "మీది మా దగ్గర భద్రంగా ఉంది" అనగలగాలి. అందుకే తాత నాటి నెగెటివ్ పెట్టెలు ఇంకా మా అటక మీద తిష్ఠ వేసుకుని ఉన్నాయి.

కాపీ తెర మీదికి తెచ్చి, నా కంటి కింద ఇంకా పోని మచ్చని నాన్న నెమ్మదిగా చెరపడం మొదలుపెట్టాడు. చెంప మీది మంచి చర్మం కాస్త తీసి మచ్చ మీద అద్దుతున్నాడు.

"ఉండనీ నాన్నా. ఉన్నది ఉన్నట్టు వస్తే ఏం?"

"ఫోటో ఫోటోలా ఉండాలమ్మా. రేపు చూసినప్పుడు నీకే బాధ."

బాగానే చేశాడు. అంత నునుపైన ముఖం నాకు పెళ్ళిలో కూడా లేదు. ఇంత ప్రేమ ఉన్నవాడు నా వైపు కాకుండా ఎక్కడికి పోతాడులే అనుకున్నాను. ఆ పాస్ మెడలో వేసుకుని రోజూ కోర్టు మెట్లెక్కేదాన్ని. కెమెరా పట్టుకుని ఎక్కితే పరువు పోదు కాబోలు.

ఒక ఆదివారం మా ఆయన ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. కొత్త చొక్కా, కాలు మీద కాలు. పాస్ ఫోటోల కోసం కస్టమర్లు కూర్చునే బెంచీ మీదే కూర్చున్నారు. పెద్దమనుషుల్లో ఒకాయన నాన్న వైపు తిరిగాడు.

"అమ్మాయి దెబ్బలంటోంది. కుర్రాడు లేదంటున్నాడు. మీరు పెద్దవారు. ఆ రోజు మీ ఇంటికి వచ్చినప్పుడు మీరేమైనా చూశారా?"

నేను నిశ్చింతగానే ఉన్నాను. నాన్న చూశాడు. చూడటమే కాదు, ఆ మచ్చ పొడవు వెడల్పులతో సహా ఆయనకి తెలుసు, దాన్ని చెరిపింది ఆయనే.

"నేనేమీ చూడలేదండీ" అన్నాడు నాన్న. "జారి పడి ఉంటుంది."

మా ఆయన కాలు మీది కాలు ఊపాడు. అమ్మ టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వాళ్ళు వెళ్ళాక నాన్న మీదికి వెళ్ళాను. "ఎందుకలా చెప్పావ్?"

"అల్లుడి పరువు నలుగురిలో తీస్తే రేపు నువ్వు ఆ ఇంట్లోకి ఏ ముఖం పెట్టుకుని వెళ్తావ్? అన్నీ ఆలోచించే అన్నాను. వాయిదా ఇంకా దూరం ఉంది. కేసు వెనక్కి తీసుకో తల్లీ. మీ నానమ్మ..."

"నానమ్మ పేరెత్తకు" అన్నాను. ఎత్తలేదు. కానీ షోకేసు అక్కడే ఉంది కదా. వస్తూ పోతూ నానమ్మ తల ఓ పక్కకి వాల్చి, 'నేను పడలేదటే?' అంటున్నట్టే ఉండేది.

లాయరమ్మ సంగతి తేల్చి చెప్పింది. "దెబ్బలు చూసినవాళ్ళు కావాలి. ఆసుపత్రికి వెళ్ళలేదన్నావు, చుట్టుపక్కల వాళ్ళు నోరు విప్పరు. మీ నాన్న చెప్తే నిలబడుతుంది. చెప్పకపోతే నీ మాట, అతని మాట, అంతే."

చూసినవాళ్ళలో అమ్మ నాన్నని కాదని కోర్టుకి వచ్చే మనిషి కాదు, మిగిలింది నాన్న ఒక్కడే. ఆయన నోట్లోంచి ఒక్క మాట వస్తే నేను బయటపడతాను, రాకపోతే ఆ ఇంటికే వెళ్ళాలి.

రికార్డు గది గుమస్తా గదిలోపల కూడా గొడుగు వేసుకుని కూర్చునేది. "బయట వాన ఆగిందా అమ్మా? ఇక్కడ ఆగలేదు" అనేది. నేను కట్టలు విప్పడం, పేజీలు పరచడం, తీయడం, మళ్ళీ కట్టడం. పొలం గట్ల తగాదాలు, అద్దె బాకీలు, గోడ నాదంటే నాదని పోయినవాళ్ళు. సాయంత్రం ఇంటికి రాగానే నాన్న ఒకటే అడిగేవాడు. "ఎంతవరకు వచ్చావ్? ఏ బీరువా?" చెప్పేదాన్ని. "కిటికీ పక్కది ముట్టలేదుగా?" లేదనేదాన్ని. పని మీద శ్రద్ధ అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, కాస్త ముచ్చటేసింది కూడా.

ఈలోగా నాన్న కంట్లో శుక్లం ముదిరింది. ఒకరోజు మెట్టు కనపడక తూలిపడ్డాడు. డాక్టరు ఆపరేషన్ వెంటనే చేయాలన్నాడు. "ఆ ఒక్క బీరువా అయ్యాక చేయించుకుంటాను" అని మొండికేశాడు. అమ్మ వినలేదు. కంటికి ఆపరేషనై, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఆయన వాలుకుర్చీలో ఉన్న రోజుల్లోనే పెద్ద వాన పట్టింది. తెల్లారి వెళ్ళేసరికి కిటికీ పక్క గోడ మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ముందు దీన్ని ఖాళీ చేద్దాం పట్టమ్మా" అంది గుమస్తా, గొడుగు మూసి. "మీ నాన్నగారొచ్చేదాకా ఆగితే గుజ్జు ఫోటో తీసుకోవాలి."

ఇద్దరం కట్టలు మోసి బల్ల మీద పెట్టాం. ఏ కట్ట ఎక్కువ తడిసిందో చూసి దాన్ని ముందు విప్పుతున్నాను. కాగితం మరీ పెళుసుగా ఏమీ లేదు. ఒక కట్ట విప్పగానే పై పేజీలో మా వీధి పేరు కనపడింది. కింద తాత పూర్తి పేరు. వృత్తి, ఫోటో స్టూడియో. ఆయన ప్రతివాది. దావా వేసింది ఆయన భార్య, విడాకుల కోసం.

తాతకి ముందో పెళ్ళి ఉండేదేమో అనుకున్నాను. పిచ్చిమొహాన్ని. పేజీ తిప్పాను. అట్టకి అంటించిన ఫోటో ఒకటి, మూల మీద కోర్టు ముద్ర, వాది తరఫు మొదటి సాక్ష్యం అని రాసి ఉంది.

మా స్టూడియో. వెనక ఇప్పటికీ మా గోడకి వేలాడుతున్న స్తంభాల తెర. ముందు ఎత్తు స్టూలు మీద ఒకావిడ ఒక్కతే కూర్చుని ఉంది. తల ఓ పక్కకి వాలి ఉంది. చెవి పక్క పాయ జారి ఉంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి, కింది పెదవి చిట్లి, దవడ ఒక వైపు ఉబ్బి ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో పిడికిలి బిగించి ఉంది. ఆ పిడికిట్లో రబ్బరు బుడ్డి, దాన్నుంచి సన్నటి గొట్టం నేల మీదుగా కెమెరా వైపు. ఆ బుడ్డి నొక్కితే ఫోటో పడుతుంది. తన ఫోటో తనే తీసుకుంది.

ఆ పాయని నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. ఆ తల వాలు తాత మీది ప్రేమ కాదు. మెడ నిలబెట్టలేక.

"ఏమైందమ్మా, కూర్చో" అంటోంది గుమస్తా. నాకు ముందు బాధ కాదు, సిగ్గేసింది. ఎవరి ఫోటో వచ్చినా ముందు వెలుగు ఏ పక్కనుంచి పడిందో చూడమని నేర్పింది నాన్న. అతుకులు నేను ఇట్టే పట్టేస్తాను, పట్టి నలుగురికీ చెప్తాను. మా షోకేసులో తాతకి కుడివైపు నుంచీ, నానమ్మకి ఎడమవైపు నుంచీ వెలుగు పడుతోందని ఇన్నేళ్ళలో నాకు కనపడలేదు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని.

మిగతాది నిలబడే చదివాను. తాత తరఫున సాక్షి ఒక్కడే. కొడుకు, వయసు తొమ్మిదేళ్ళు. వాడు చెప్పిన మాటలు అలాగే రాశారు. "నేనేమీ చూడలేదు. అమ్మ జారి పడింది. నేను నాన్న దగ్గరే ఉంటాను." చివర్లో తీర్పు. తండ్రి ముఖంలోకి చూస్తూ పిల్లవాడు చెప్పిన మాటకన్నా, వాది తన చేత్తో తీసుకున్న ఈ ఫోటోనే నమ్ముతున్నానని జడ్జి రాశాడు. విడాకులు ఇచ్చాడు. పిల్లవాడిని వాడు కోరినట్టే తండ్రికి వదిలాడు.

నా పని నేను చేశాను. పేజీ పేజీకీ ఫోటో తీసి, కట్ట మళ్ళీ కట్టి ఆరబెట్టాను.

ఇంటికి వెళ్ళేసరికి నాన్న వాలుకుర్చీలో ఉన్నాడు. చప్పుడు విని, "ఎంతవరకు వచ్చావ్?" అన్నాడు.

"కిటికీ పక్క బీరువా."

కుర్చీ ఊగడం ఆగిపోయింది. ఆయన కంటికి ఇంకా సరిగ్గా ఆనదని, కెమెరా తెర అమ్మకి చూపించాను. అమ్మ చాలాసేపు చూసింది. తర్వాత షాపులోకి వెళ్ళి షోకేసు చూసి వచ్చి, మళ్ళీ తెర చూసింది.

"ఈవిడ మీ అమ్మగారేనా?" అని నాన్నని అడిగింది.

ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

"అడిగేది మిమ్మల్నే."

"ఊ."

"మన పెళ్ళిలో గుమ్మం దగ్గర నిలబడి, రెండు వేళ్ళతో నా గడ్డం ఎత్తి చూసి వెళ్ళిపోయింది ఒకావిడ. ఎవరని అడిగితే దూరపు చుట్టం అన్నారు. ఆవిడేనా?"

"ఊ."

"నేను మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు" అంది అమ్మ. గొంతు పెంచలేదు. "ఇన్నేళ్ళూ ఆ అద్దం తుడిచాను. నాకు కోపమొచ్చినా, ఏడుపొచ్చినా, మా అమ్మని చూసి నేర్చుకో అన్నారు. ఏం నేర్చుకోమన్నారండీ? ఆవిడ చేసింది ఇదైతే, నాకు అదెందుకు చెప్పలేదు?"

నాన్న నల్ల కళ్ళద్దాలు సర్దుకున్నాడు. కంట్లో నీళ్ళు రానివ్వకూడదని డాక్టరు చెప్పాడు. ఆ పూట ఆ సలహా ఆయనకి బాగా పనికొచ్చింది.

"తర్వాత ఎక్కడుంది?" అన్నాను.

"వేరే ఊళ్ళో. ఒక స్టూడియోలో ఫోటోలకి రంగులు వేసేది. మా నాన్న పోయిన చాలా ఏళ్ళకి, నువ్వు పుట్టే ముందు పోయింది. కబురొస్తే వెళ్ళాను. గది నిండా వెతికాను, ఆవిడ ఫోటో ఒక్కటి లేదు. ఊళ్ళో అందరి ముఖాలకీ రంగులేసిన మనిషి." ఆగాడు. "అటక మీద పెట్టెలో ఈ నెగెటివ్ దొరికింది. మా నాన్న పారేయలేదు. నాకున్నది అదొక్కటే. ఆ ముఖాన్ని అలాగే గోడకి పెట్టుకోమంటావా?"

"వద్దు. దిద్దుకో. కానీ ఆయన పక్కన ఎందుకు పెట్టావ్?"

ఆయన మళ్ళీ కుర్చీ ఊపడం మొదలుపెట్టాడు.

"ఇద్దరూ ఒకచోట ఉంటే చాలనుకున్నాను. చిన్నప్పటి నుంచీ అదే అనుకున్నాను" అన్నాడు.

నాకు జాలి వేయలేదని కాదు. తండ్రి ఎదురుగా ఉండగా బోనులో నిలబడ్డ తొమ్మిదేళ్ళవాడిని ఎవరైనా ఏమంటారు? వాడిని చదువుతుండగానే క్షమించాను. కానీ పెద్దమనుషుల ముందు అవే మాటలు అప్పజెప్పినవాడికి అరవై నాలుగేళ్ళు. వాడు నా తండ్రి. తన తల్లి ఏ నరకంలోంచి బయటపడిందో కళ్ళారా చూసినవాడు, ఆవిడ పేరే చెప్పి నన్ను ఆ నరకంలోకే పొమ్మన్నాడు. ఆవిడ గెలిచింది నాన్నా. గెలిచినావిడని పట్టుకొచ్చి, ముఖం తుడిచి, ఆవిడ ఓడించినవాడి పక్కన కూర్చోబెట్టి, దాన్ని చూపించి నన్ను ఓడిపొమ్మన్నావు. ఇదంతా ఆయనతో అనాలనుకున్నాను.  షాపులోకి వెళ్ళి కంప్యూటర్ తెరిచాను.

పాస్ ఫోటోల ఫోల్డరులో రెండున్నాయి. ఒకటి దిద్దినది, ఒకటి అసలుది. కంటి కింద మచ్చ ఎలా ఉన్నది అలాగే ఉంది. తెలుసు నాకు. ఆయన ఏమైనా చేస్తాడు గానీ అసలుని పారేయలేడు. తాత కూడా అంతే. మా ఇంటి మగవాళ్ళకి ఉన్న నిజాయితీ అంతా ఆ ఒక్క నియమంలోనే సరిపోయింది.

పెద్ద సైజులో ప్రింటు తీసి ఆయన ఒళ్ళో పెట్టాను.

"ఈ ఫోటో ఎవరు తీశారని కోర్టులో అడుగుతారు. తీసినప్పుడు ఏం చూశారని అడుగుతారు. వచ్చి చెప్తావా?"

ఫోటో మీద చేత్తో తడిమాడు, అక్కడేదో తగులుతుందన్నట్టు. "చెప్తాను" అన్నాడు. "వస్తాను తల్లీ. ఈసారి చెప్తాను."

నమ్మాను. ఏం చేయను, నాన్న కదా.

వాయిదా రోజుకి వానలు తగ్గుముఖం పట్టాయి. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, నా చెయ్యి పట్టుకుని కోర్టు మెట్లెక్కాడు. ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ ఎక్కాడు. లోపల మా ఆయన ముందు వరసలో ఉన్నాడు, నాన్నని చూసి లేచి నిలబడి "నమస్కారం మామయ్యగారూ" అన్నాడు. ఆ లేచి నిలబడటం చూడగానే నాన్న చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

నాన్న బోనెక్కాడు. లాయరమ్మ ఫోటో చేతికిచ్చింది.

"ఇది ఎవరు తీశారండీ?"

"నేనే."

"ఎక్కడ?"

"మా స్టూడియోలో."

"దీని మీద ఏమైనా దిద్దారా?"

"లేదండీ. ఇది అసలుది."

నేను ఊపిరి పీల్చుకున్నాను.

"ఇది తీసేటప్పుడు మీ అమ్మాయి ముఖం మీద దెబ్బ ఉందా? మీరు చూశారా?"

నాన్న ఫోటో దగ్గరగా పెట్టుకున్నాడు. దూరంగా పెట్టుకున్నాడు. మా ఆయన వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆ రెండు చూపులకీ మధ్య ఆయన ముఖం నా కళ్ళ ముందే చిన్నదైపోయింది. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"కంటికి ఆపరేషన్ అయిందండీ" అన్నాడు. "నాకు సరిగ్గా కనపడదు."

"ఇప్పుడు కాదండీ. ఆ రోజు."

"ఆ రోజు కూడా... అప్పటికే శుక్లం కదండీ. నేనేమీ చూడలేదు."

 లాయరమ్మ నా వైపు చూడలేదు, పాపం. జడ్జిగారు చెయ్యి చాపారు. బంట్రోతు నాన్న చేతిలోంచి ఫోటో తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టుకుని కాసేపు ఫోటోని చూశారు. తర్వాత తలెత్తి నన్ను చూశారు.

"మాకు కనపడుతోంది లెండి" అన్నారు నాన్నతో. "మీరు దిగవచ్చు."

దిగేటప్పుడు ఆయనకి మెట్టు అందలేదు. నేనే లేచి చెయ్యిచ్చాను. ఆ చెయ్యి ఎందుకిచ్చానో ఇప్పటికీ నాకు తెలియదు. అలవాటనుకుంటాను.

నా తీర్పు ఆ తర్వాత వచ్చింది, నాకు కావలసినట్టే వచ్చింది. నాన్నతో మాట్లాడుతున్నాను. పప్పు అందిస్తున్నాను, కంట్లో చుక్కలు వేస్తున్నాను. ఆయన ఏదైనా చూశానని చెప్తే మాత్రం నమ్మడం మానేశాను.

అమ్మ షోకేసు తుడవడం మానేసింది. ఎవరితోనూ ఏమీ అనలేదు, గుడ్డ కౌంటరు మీద పెట్టేసింది, అంతే. చూస్తూండగానే అద్దం మీద దుమ్ము పేరుకుని, ఆ ఇద్దరూ మసకేసిపోయారు. ఒకరోజు నేనే షోకేసు తెరిచి ఫోటో తీసేసి, నాన్న అతికిన చోటే కోసేశాను. తాత సగాన్ని అటక మీద పెట్టెలో వేశాను. నానమ్మ సగాన్ని కూడా అక్కడే వేశాను. అది ఆవిడ ముఖం కాదు కదా. కోర్టులో ఉన్న ఆవిడ ఫోటో, నేను తీసిన కాపీ, నా గదిలో ఉంది. దిద్దలేదు.

మర్నాడు పెళ్ళి కుదిరిన జంట ఒకటి వచ్చింది. అమ్మాయి సిగ్గుపడుతూ షోకేసు వైపు చూసి, ఖాళీ అద్దం చూసి వెనక్కి తిరిగింది.

"ఇక్కడ ఒక జంట ఫోటో ఉండేది కదండీ? మా అక్క పెళ్ళప్పుడు చూశాను. మేమూ అలాగే దిగాలని వచ్చాం. వాళ్ళేరీ?"

కౌంటరు వెనక నాన్న పాస్ ఫోటోలు కత్తిరిస్తున్నాడు. కత్తెర ఆగింది. నేను ఆయన వైపు చూడలేదు.

"విడాకులు తీసుకున్నారండీ" అన్నాను. "రండి, కూర్చోండి. మీది తీద్దాం."